టైలరమ్మ ఉందా

మా ఇంట్లో ఫోను మోగితే ఎవరి చెయ్యి ఖాళీగా ఉంటే వాళ్ళు ఎత్తుతారు. ఇది నా ఫోను సంగతి. ఆయన ఫోను మోగితే మటుకు, దాన్ని పట్టుకుని ఆయన ఎక్కడుంటే అక్కడికి పరుగెత్తి చేతికివ్వాలి. ఈ పద్ధతి ఎవరూ కూర్చుని పెట్టింది కాదు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి మా అమ్మ ఫోను చేస్తే ఆయనే ఎత్తి, చాలాసేపు మాట్లాడి, పెట్టేశారు. నన్ను పిలవలేదేమని అడిగితే, "మీ అమ్మేగా, నేను మాట్లాడాను, ఏం పోయింది?" అన్నారు. ఏమీ పోలేదు. పోలేదు కదా అని ఊరుకున్నాను. అలా ఊరుకున్నవన్నీ కలిసి ఇంటి పద్ధతులయ్యాయి.

నేను చేసేది పరిశోధన. రోగం వచ్చి దేశాలన్నీ తలుపులు వేసుకున్నాయి. విమానాలు ఆగాయి, ఓడలు ఆగాయి. వాటితోపాటు గొప్ప దేశాల నుంచి బీద దేశాలకి వచ్చే సాయమూ ఆగింది. ఆ సాయం మీద నడిచే ఆసుపత్రులు, బళ్ళు, ఆడవాళ్ళు పనిచేసుకునే షెడ్లు మూతపడ్డాయి. మూతపడ్డాక అక్కడి ఆడవాళ్ళు ఏమయ్యారు, వాళ్ళకున్న హక్కుల్లో ఏవి మిగిలాయి, పోయినవి ఎవరు పట్టుకుపోయారు, ఇదీ మేము అడిగి రాయవలసింది. మామూలు రోజుల్లో అయితే మనుషులు అక్కడికే వెళ్ళి, గుమ్మంలో కూర్చుని, ఇచ్చిన మంచినీళ్ళు తాగి, మెల్లగా అడిగేవాళ్ళు. ఇప్పుడు దారి లేదు. ఫోనొక్కటే దారి. సరిహద్దు అవతలి వాళ్ళూ మా మాటే మాట్లాడతారు కాబట్టి ఆ పని నాకు ఇచ్చారు.

ఫోనుతో చిక్కేమిటంటే, మాట్లాడే మనిషి పక్కన ఎవరు నిలబడ్డారో మనకి కనపడదు. అందుకని మా పెద్ద మేడమ్ ఒక పద్ధతి పెట్టారు. ప్రతి ఆవిడా మొదటిరోజే నాకొక వేషం ఎంచిపెడుతుంది. మాట మధ్యలో ఇంట్లోవాళ్ళు వచ్చారనుకోండి, ఆవిడ గభాలున మాట మారుస్తుంది. మార్చిన మరుక్షణం నేను ఆ వేషంలోకి దూరిపోవాలి. ఒకావిడకి నేను విత్తనాల కొట్టు నడిపేదాన్ని. ఒకావిడకి పిల్లల పంతులమ్మని. ఒక ముసలావిడకి వేలువిడిచిన పినతల్లి కూతుర్ని. ఆవిడ గొంతు మారిందంటే, మా అమ్మకి లేని మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో ఉన్నట్టే చెప్పాలి. చెప్పీ చెప్పీ ఆ మోకాళ్ళ మీద నాకు నిజంగానే జాలి పుట్టింది. ఈ వేషాల సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పకూడదు, కట్టుకున్నవాడికైనా సరే. ఇది ఒట్టు లాంటిది.

కాబట్టి మా ఇంట్లోవాళ్ళకి వినపడేది నా సగమే. ఆయన ఉద్యోగం కూడా ఇంటికే వచ్చింది కాబట్టి పడకగది ఆయన ఆఫీసయింది. నా ఆఫీసు వంటింటి వెనక బట్టలుతికే చోటు. కొళాయి కొంచెం తిప్పి ఉంచితే నీళ్ళ చప్పుడులో నా మాట కలిసిపోతుంది. అయినా మధ్యమధ్య ముక్కలు వినపడక మానవు. "భుజం దగ్గర వదులుగా పెట్టమంటారా?" "టమాటా నారు ఇప్పుడు పొయ్యకండి, వాన తగ్గనివ్వండి." టీ కోసం వచ్చిన ఆయన ఇవి విని, నవ్వుకుంటూ పోయేవారు. స్నేహితుడెవరో అడిగితే, "మా ఆవిడా? ఏదో ఫోన్ల పని. ఆడవాళ్ళకి ఊరికే ఇచ్చినా చేస్తారు, వీళ్ళు జీతం కూడా ఇస్తున్నారు" అని చెప్పడం నేను బట్టలు ఆరేస్తూ విన్నాను. ఒకరోజు టీ ఆలస్యమైతే గుమ్మంలోకి వచ్చి, "ఎక్కడో ఉన్నవాళ్ళ హక్కులు తర్వాత చూద్దువుగాని, ముందు నా టీ హక్కు సంగతి చూడు" అన్నారు. నాకూ నవ్వొచ్చింది. ఆయన చెడ్డ మనిషి కాదు. గొంతు పెంచరు, చెయ్యెత్తరు, జీతం దాచరు. చెడ్డవాడైతే ఎదురు తిరగడానికి ఒక ముఖం ఉండేది. మంచివాడి మాట చిన్న రాయిలాగా చెప్పులో పడి ఉంటుంది. ఆగి తీసేంత పెద్దదీ కాదు, మరిచిపోయి నడిచేంత చిన్నదీ కాదు.

ఆడపడుచు ఫోను చేసి, "వదినా, టైలరింగు మొదలెట్టావట, సొంత ఆడపడుచుకి ఒక మాటైనా చెప్పలేదు" అని నిష్ఠూరమాడింది. పక్కింటావిడ ఏకంగా గుడ్డ పట్టుకుని వచ్చింది. నేను ఏం చెప్పాలో తెలియక నిలబడితే అత్తయ్య లోపలి నుంచే కేకేసింది. "మా కోడలు ఇక్కడి బట్టలు కుట్టదమ్మా. దూరపువాళ్ళకే కుడుతుంది." పక్కింటావిడ మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. ఇంట్లో కుట్టుమిషను లేదన్న సంగతి అత్తయ్యకి తెలుసు. అయినా నన్నేమీ అడగలేదు. నేనూ చెప్పలేదు. మా ఇద్దరి మధ్య మాటలు మొదటి నుంచీ తక్కువే. కూర బావుంటే కొంచెం ఎక్కువ పెట్టించుకుంటుంది, బాగాలేకపోతే మంచినీళ్ళు ఎక్కువ తాగుతుంది. అంతే.

నన్ను టైలరుగా ఎంచుకున్నావిడ చేపల షెడ్డులో పనిచేసేది. చేపలు శుభ్రం చేసి డబ్బాల్లోకి ఎత్తే పని. బయటి సాయం ఆగి షెడ్డు మూసేశాక ఆ వీధివీధంతా ప్రభుత్వమిచ్చే బియ్యం బస్తాల మీద పడింది. బస్తాలు పంచే కమిటీకి పెద్ద ఈవిడ భర్తే. మగదిక్కు లేని ఇళ్ళకి సగం బస్తానే ఇస్తున్నారని, మిగతా సగం కావాలంటే కమిటీ వాళ్ళ ఇళ్ళల్లో వంటలూ ఉతుకులూ ఊరికే చేసిపెట్టాలని, చెయ్యనన్న ఒకావిడ పేరు పట్టికలోంచి కొట్టేశారని ఈవిడ కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చింది. వీధిలో ఇంకెవరూ నోరు విప్పలేదు. విప్పింది ఈవిడొక్కతే, అదీ ఆ బస్తాలు పేర్చి ఉన్న ఇంట్లోనే కూర్చుని. "మొగుడి మీద చాడీలు చెప్తున్నాననుకోకమ్మా. కళ్ళతో చూసింది చెప్తున్నాను. నాకూ ఆ అన్నమే కదా పెడుతున్నాడు, మింగుడు పడట్లేదు" అంది. ఈ మాట రాసుకునేటప్పుడు నా చెయ్యి ఆగింది. చెప్పవలసింది ఇంకా చాలా మిగిలింది. పేరు కొట్టేసిన ఆవిడ ఏమైందో రాబోయే వారం చెప్తానంది. మాట మార్చడానికి మేము పెట్టుకున్న గౌనుకి ఎన్ని కొలతలు తీసుకున్నానో లెక్కలేదు. భర్త అడుగుల చప్పుడు వినపడినప్పుడల్లా ఆవిడ నడుం మారేది.

మా పద్ధతిలో వాళ్ళు మాకు ఫోను చెయ్యరు, మేమే చేస్తాం. ఆవేళ అత్తయ్యకి తల రుద్దుతున్నాను. నా చేతులు మోచేతుల దాకా నురగ. ఫోను వంటింటి గట్టు మీద మోగింది. ఆయన టీ గ్లాసు పెట్టడానికి వచ్చారు. ఖాళీ చెయ్యి ఆయనదే. ఎత్తారు.

అవతలి గొంతు నాక్కూడా వినపడింది. మగగొంతు. "టైలరమ్మ ఉందా?"

ఆయన నొసలు ముడిపడింది. "టైలరమ్మ ఏంటండీ? మీరెవరు? ఇక్కడ టైలర్లు ఎవరూ లేరు. మా ఆవిడ పరిశోధన చేస్తుంది. మానవ హక్కుల మీద. సరిహద్దు అవతల ఆడవాళ్ళకి జరిగే అన్యాయాలన్నీ బయటికి తెచ్చేది ఆవిడే, తెలుసా? కొంచెం మర్యాదగా మాట్లాడండి."

ఇన్నేళ్ళలో నా పని గురించి ఆయన ఇంకో మనిషితో ఇంత గౌరవంగా చెప్పడం నేను వినలేదు. పని పేరు కూడా తప్పు లేకుండా చెప్పారు. అంటే నేను చెప్పినప్పుడు విన్నారన్నమాట. ఆ మాట విని ఒక్క క్షణం నా ఒళ్ళంతా సంతోషం పాకింది. ఆ మరుక్షణమే కాళ్ళ కింద నేల లేదు. ఎండలో నడిచి నడిచి నీడ దొరికిందనుకుని నిలబడితే అది కూలుతున్న గోడ నీడ అయినట్టుంది. చేతులు కడుక్కోకుండానే ఫోను లాక్కున్నాను. నురగ చెవిలోకి పోయింది.

"ఎవరమ్మా నువ్వు? మా ఆవిడతో ఏం మాట్లాడుతున్నావు రోజూ?" అన్నాడు అతను. అరవలేదు. అరిచినా బావుండేది. వెనక ఎక్కడో మూకుడు కింద పెట్టిన చప్పుడయింది. ఆవిడ అక్కడే ఉంది. ఆవిడకి అంతా వినపడుతోంది.

అవతల గుట్టు బయటపడితే ఏం చెప్పాలో మాకు నేర్పారు. ఇవతల పడితే ఏం చెప్పాలో నేర్పలేదు. అలా జరగవచ్చని ఎవరికీ తోచలేదు. నేను ఊరుకున్న ప్రతి క్షణం అక్కడ ఆవిడకి ఏమవుతుందో తెలుసు.

అత్తయ్య కళ్ళలోకి కారుతున్న నురగ మోచేత్తో తుడుచుకుని, పీట మీద నుంచి లేచి, నా చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఎవరు నాయనా? గౌను వాళ్ళా?" అంది తాపీగా. "నేను వాళ్ళ అత్తగార్ని. మా అబ్బాయి మాటలు పట్టించుకోకు. పెళ్ళాం మిషను తొక్కుతుందని చెప్పుకోడానికి వాడికి నామోషీ. ఎవడు ఫోను చేసినా ఒక పెద్ద ఉద్యోగం చెప్తాడు. మొన్న ఒకాయనకి బ్యాంకని చెప్పాడు. ఇవాళ హక్కులట. రేపు మంత్రిని చేస్తాడు. సంపాదన కావాలి, చెప్పుకోడానికి సిగ్గు. ఏం చేస్తాం నాయనా, కన్నందుకు భరించాలి."

అవతల నవ్వు. మొదట ముక్కుతో, తర్వాత నోటితో. "మా ఇంట్లోనూ అదే పెద్దమ్మా. మా ఆవిడ చేపల షెడ్డుకి పోయేదని నేనూ ఎవడితోనూ అనలేదు. కుట్టుపని అని చెప్పేవాణ్ణి" అన్నాడు. గౌను ఎప్పటికవుతుందని అడిగాడు. వానలకి కరెంటు ఉండట్లేదు, అయినప్పుడు కోడలే చెప్తుందని అత్తయ్య చెప్పింది. ఆలస్యమైనందుకు విసుక్కుని అతను పెట్టేశాడు. విసుక్కున్నాడు కాబట్టి నమ్మాడని నాకు నమ్మకం చిక్కింది. అనుమానమున్నవాడు విసుక్కోడు.

ఆయన అక్కడే నిలబడి అంతా విన్నారు. ముఖం పాలిపోయింది. నేను కూలబడిపోయి, ఒట్టు పోతే పోయిందని, ఆ వేషాల సంగతి రెండు ముక్కల్లో చెప్పాను. నాకేం తెలుసు, నాకు చెప్పి ఉంటే ఎత్తేవాణ్ణా అన్నారు. అది నిజమే. చెప్పకపోయినా ఎత్తకుండా ఉండొచ్చన్నదీ నిజమే. రెండోది నేను పైకి అనలేదు. ఆయనకి అంతకంటే వేరే బాధ ఉంది.

"అమ్మా, నేనెప్పుడైనా అలా అన్నానా? నామోషీ అని?"

అత్తయ్య మళ్ళీ పీట మీద కూర్చుంది. తల ఇంకా సగమే రుద్దాను. "నువ్వు అనలేదురా. మీ నాన్న అన్నాడు. నేను ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికితే ఊళ్ళో నర్సని చెప్పాడు. జ్వరమొచ్చిందని మనుషులు ఇంటికి వచ్చేవాళ్ళు. నేను లోపల గదిలో దాక్కునేదాన్ని. నువ్వూ బళ్ళో అదే చెప్పావు. మీ పంతులు మనవడికి కడుపునొప్పని ఎత్తుకొచ్చాడు, గుర్తుందా?"

ఆయన నవ్వబోయి ఆగిపోయారు. గుర్తుంది. ఆయన ఈ కథ నాకు చాలాసార్లు చెప్పారు, మా అమ్మ నర్సు అనే. నేను నీళ్ళు తోడి అత్తయ్య తల మీద పోశాను. నాకు ఆవిడ వీపు కనపడుతోంది. బక్కపలచని వీపు. కొళాయి చప్పుడులో నేను దాచుకున్నాననుకున్న మాటలన్నీ ఆ వీపు వినేసింది. విని, తనలోనే ఉంచుకుంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. నేను ఫోను చెయ్యకూడదు. చేస్తే అనుమానం. గిన్నె తోముతుంటే ఆవిడ మూకుడు చప్పుడు వినపడేది. ఆయన నా ఫోను జోలికి రాలేదు. అది మోగినప్పుడల్లా రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నిలబడేవారు, వేడి పెనం దగ్గర నిలబడ్డట్టు. వారం తిరగబోతుండగా ఆవిడే ఫోను చేసింది. నీళ్ళ బిందె దించిన చప్పుడు, ఎగశ్వాస. కొళాయి దగ్గరికి వచ్చి చేస్తోంది.

"బావున్నానమ్మా. ఏం చెయ్యలేదు" అంది ముందుగానే, నేను అడగకముందే. తర్వాత కిసుక్కున నవ్వింది. "కమిటీ వాళ్ళందరికీ చెప్పి నవ్వాడు. ఎవడో పెళ్ళాం టైలరని చెప్పుకోలేక హక్కులూ గిక్కులూ అంటున్నాడట అని. ఇంతకీ ఆవిడ నిజం అత్తగారేనా?"

"నిజం అత్తగారే."

"అలాంటి అత్తలు కూడా ఉంటారా?"

"నాకూ మొన్నే తెలిసింది" అన్నాను.

ఆవిడ మిగిలింది కూడా చెప్తానంది. ఆ పేరు కొట్టేసిన ఆవిడ పిల్లల్ని తీసుకుని వంతెన కింద ఉంటోందట. తను చెప్పకపోతే ఆవిడ ఉన్నట్టు కూడా ఎవరూ రాయరట. "నీకే చెప్తాను. ఇంకో గొంతు వస్తే మటుకు పెట్టేస్తాను" అంది. ఆఫీసులో చెప్పి మళ్ళీ చేస్తానన్నాను.

జరిగింది పెద్ద మేడమ్‌కి చెప్పాలి. ఆయన ఆ సాయంత్రమంతా నా చుట్టూ తిరిగారు. చేటలో బియ్యం ఏరుతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నారు. ఎప్పుడూ కూర్చోరు. అంతా సర్దుకుంది కదా అన్నారు. ఆవిడ క్షేమంగానే ఉంది కదా అన్నారు. మొగుడు ఫోను ఎత్తాడని చెప్తే నీ ఉద్యోగమే పోతుంది, నా గురించి కాదు, నీ గురించే చెప్తున్నాను అన్నారు. ఆ మాటలో అబద్ధం లేదు. "అవతల ఎవరో విన్నారని చెప్పు. వాళ్ళ ఇళ్ళు అలాంటివేనని మీ మేడమ్‌కీ తెలుసు. ఒక్క మాటతో పోతుంది."

నిజంగానే ఒక్క మాటతో పోతుంది. ఎవరూ అనుమానించరు. మా రాతలన్నీ అలాగే ఉంటాయి: అక్కడి ఇళ్ళు, అక్కడి మగవాళ్ళు, అక్కడి కట్టుబాట్లు. ఇంత దూరం నుంచి చూస్తే వాళ్ళ గోడలకున్న చిల్లులన్నీ కనపడతాయి. ఆవిడ ఇల్లు మంచిది కాదని రాస్తే, ఇక ఆవిడతో మాట్లాడవద్దని ఆపేస్తారు. అది ఆవిడ మేలుకే అంటారు. వంతెన కిందావిడ పేరు ఇక్కడ కూడా కొట్టేసినట్టవుతుంది, ఈసారి మా చేత్తో. బస్తాల మధ్య కూర్చుని, అడుగుల చప్పుడు వింటూ, ఒక్క మాట తడబడకుండా గుట్టు కాపాడుకొచ్చింది ఆవిడ. అన్నాళ్ళూ కాపాడిన ఇంటికి చెడ్డపేరు పెట్టి, ఒక్క పూటలో పోగొట్టిన ఇంటిని నేను శుభ్రంగా తుడిచి పెట్టుకోవాలి. తుడవడం నాకు కొత్త కాదు. మీ అమ్మేగా, ఏం పోయింది అన్నప్పటి నుంచీ తుడుస్తూనే ఉన్నాను. ఈసారి ఏం పోయేదో మటుకు నాకు కళ్ళారా కనపడింది.

పొద్దున మేడమ్‌కి నేనే ఫోను చేశాను. నీళ్ళ చోటుకి పోలేదు, హాల్లోనే కూర్చుని చేశాను. ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డారు. అత్తయ్య కిటికీ పక్కన తల దువ్వుకుంటోంది. జరిగినదంతా విని మేడమ్, "ఎక్కడ తప్పు జరిగింది? ఆవిడ వైపు ఎవరైనా విన్నారా?" అని అడిగారు. ఆయన నా వైపు చూసి మెల్లగా తలూపారు, అవునను అన్నట్టు.

"లేదు మేడమ్. ఆవిడ ఇంట్లో ఆవిడ గుట్టు భద్రంగానే ఉంది. బయటపడింది మా ఇంట్లో. ఫోను ఎత్తింది నా భర్త" అన్నాను.

అయితే ఇంటి నుంచి ఇక కుదరదని, ఆ కేసు ఇంకొకరికి ఇవ్వాల్సి వస్తుందని, తనకీ బాధగానే ఉందని మేడమ్ చెప్పారు.

"ఇంకొకరికి ఇవ్వకండి. ఇంకొకరి గొంతు వింటే ఆవిడ పెట్టేస్తుంది. మూసి ఉన్న మన ఆఫీసు తాళాలు ఎవరి దగ్గరున్నాయి? నాకు తిరిగే పాసు ఇప్పించండి. రోజూ పొద్దున్నే వచ్చి సాయంత్రం దాకా అక్కడే కూర్చుంటాను. ఇంకెవరూ ఉండరు కాబట్టి ఇంకెవరూ వినరు."

కాపలా అతనికి చెప్తానన్నారు మేడమ్. పాసు మధ్యాహ్నానికి వస్తుందన్నారు. నేను ఫోను పెట్టేసి లేచి, చెప్పులు ఎక్కడున్నాయో వెతికాను. నెలల తరబడి గడప దాటలేదు కదా, దుమ్ము పట్టి ఉన్నాయి.

"రోజూనా?" అన్నారు ఆయన. "పొద్దున్నించి సాయంత్రం దాకా? మరి ఇల్లు?"

"ఇల్లెక్కడికి పోతుందండీ?" అన్నాను చెప్పులు దులుపుకుంటూ. "ఇక్కడే ఉంటుంది. మీరూ ఇక్కడే ఉంటారుగా."